తప్పు పట్టినవారిదే పై నెల

ఆ సంఘంలో ఒక ఆచారం ఉంది. ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తు లేదు కానీ దాన్ని తప్పించుకున్నవాళ్లు మాత్రం లేరు. నెలకోసారి ఎవరో ఒకరు ప్రసంగం చేస్తారు. అందులో ఎవరు తప్పు పడితే పై నెల ప్రసంగం వాళ్లది. "అది అలా కాదండీ" అని నోరు జారితే చాలు, గదిలో ఉన్నవాళ్లంతా బల్లలు చరుస్తారు. ఇక ఆకాశం విరిగి పడ్డా ఆ తీర్పు మారదు. ఈ ఆచారానికి జడిసి ఒకాయన ఏడాది పొడుగునా పెన్ను మూత పళ్ల మధ్య బిగించుకు కూర్చున్నాడనీ, ఒకనాడు ఆ మూత కాస్తా మింగి దగ్గాడనీ, ఆ దగ్గును అభ్యంతరంగా లెక్కగట్టి ఆయనకే ప్రసంగం అంటగట్టారనీ చెప్పుకుంటారు. మూత మింగడం కట్టుకథే కావచ్చు. అంటగట్టడం మాత్రం నిజమే అయ్యుంటుంది.

అది ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములు వాడేవాళ్ల సంఘం. అంటే వంటింటి తలుపు తీసి ఉంచిన హోటలు లాంటి ప్రోగ్రాములన్నమాట. ఎవరైనా లోపలికెళ్లి ఏం ఉడుకుతోందో చూడవచ్చు. ఉప్పు తక్కువైతే వేయవచ్చు. గిన్నెతో సహా ఇంటికి పట్టుకుపోయి తమకు నచ్చినట్టు వండుకోవచ్చు. వీళ్లు కలిసేది డ్రైవింగ్ స్కూలు మీదున్న మేడగదిలో. గోడల నిండా మలుపు గుర్తులు, ఆగు గుర్తులు. 'హారన్ కొట్టరాదు' అనే బొమ్మ కింద తెర కడతారు.

పోయిన నెల ప్రసంగం తాళాలాయనది. గది తాళాలు ఆయన జేబులో ఉంటాయి కాబట్టి ఆయన తాళాలాయన. ఫోటోలు సర్దిపెట్టే ప్రోగ్రాం ఒకటి తెర మీద చూపిస్తూ మంచి ఊపు మీదున్నాడు. "ఇదిగో, ఇది నొక్కితే అది ఇలా అయిపోతుంది. చూశారా, ఇక్కడున్నది అక్కడికి పోయింది. ఇప్పుడిది పట్టుకుని ఇలా లాగామనుకోండి..."

జనం ఆహా అంటున్నారు. చివరి వరసలో గోడవార కుర్చీలో టెలిఫోనాయన కూర్చుని ఉన్నాడు. పెద్దాఫీసులో ఫోన్లు కలిపే ఉద్యోగం ఆయనది. పుట్టుకతోనే చూపు లేదు. నెల నెలా వస్తాడు, అదే కుర్చీలో కూర్చుంటాడు, మడత తెల్లకర్రను ఒళ్లో పెట్టుకుంటాడు.

ఆయన పక్క కుర్చీ అద్దాలమ్మది. నాలుగు వీధుల మొగలో ఉన్న అద్దాల దుకాణంలో గాజు పలకలు కోస్తుంది. సంఘంలో ఎవరో అద్దాలమ్మ అన్నారు, ఆవిడ పలికింది, అంతటితో ఆ పేరు స్థిరపడింది. తాళాలాయన 'ఇది' అన్నప్పుడల్లా పక్కనున్న మనిషి బొటనవేలు కర్ర మడత మీద నొక్కుకోవడం ఆవిడ చూసింది. తెర మీద ఏదో పిల్లి ఫోటో తలకిందులైంది, గదంతా నవ్వింది. అందరూ నవ్విన తరవాత ఒక్క క్షణం ఆగి టెలిఫోనాయనా నవ్వాడు. ఆ ఒక్క క్షణం ఉంది చూడండి, అది అద్దాలమ్మ గొంతులో చేపముల్లులా గుచ్చుకుంది. ఆలోచించే లోపే లేచి నిలబడింది.

"ఇది, అది, ఇక్కడ, అక్కడ అంటే ఈయనకెలా తెలుస్తుందండీ?"

గదిలో తలలన్నీ వెనక్కి తిరిగాయి. ఆవిడ వైపు కాదు, టెలిఫోనాయన వైపు. తాళాలాయన ముఖం ఎర్రబడింది. ఆ ఇబ్బందిలోంచి బయటపడే దారి ఆయనకే ముందు దొరికింది. "తప్పే. ఒప్పుకున్నాను," అని బల్ల మీద అరచేత్తో చరిచాడు. తరవాత గదంతా చరిచింది.

అద్దాలమ్మ కూలబడింది. పక్కన తెల్లకర్ర టకటకమని విచ్చుకుంది. టెలిఫోనాయన లేచి, ఎవరితో మాట్లాడకుండా, టీ కూడా తాగకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

*

ప్రసంగం ఈ శనివారమే.

సోమవారం పొద్దున అద్దాలమ్మ బల్ల మీద పెద్ద పలక పరిచి, కొలబద్ద ఆనించి, కోత చక్రాన్ని నూనెలో ముంచింది. గాజు కోయడం అంటే నిజానికి కోయడం కాదు. పైన సన్నగా గీత గీయడం, ఆ గీత వెంట విరవడం. గీత గీస్తున్నంతసేపూ సన్నని పాట వినిపించాలి. పాట తెగితే గీత తెగినట్టు. ఇంకో సంగతి కూడా ఉంది. గాజుకు మధ్యలో ఆగడం తెలీదు. ఈ అంచున మొదలుపెట్టిన గీత ఆ అంచు దాకా పోవలసిందే. 'ఇక్కడి దాకా చాలు, ఇక్కణ్ణుంచి పక్కకు తిరుగుదాం' అంటే పలక వినదు, తన ఇష్టం వచ్చిన దారిన పగులుతుంది.

ఆవిడ రాసిన ప్రోగ్రాం కూడా ఈ సంగతి గురించే. ఒక పెద్ద పలకలోంచి రకరకాల కిటికీ ముక్కలు రావాలి. ప్రతి గీతా అంచు నుంచి అంచుకే పోవాలి. వృథా తక్కువ కావాలి. ఏ ముక్క ఎక్కడ పెట్టాలో, ఏ గీత ముందు గీయాలో ఆ ప్రోగ్రాం బొమ్మ గీసి చూపిస్తుంది. సంఘంలో నేర్చుకున్న ముక్కలన్నీ అతికి రెండేళ్లు తంటాలు పడి చేసింది. దుకాణంలో పనివాళ్లలో చదువు రానివాళ్లున్నారు. అందుకని బటన్ల మీద మాటలే పెట్టలేదు, అన్నీ బొమ్మలే. పలక బొమ్మ, చక్రం బొమ్మ, చీపురు బొమ్మ. తన చేత్తో గీసింది. ఆ బొమ్మలంటే ఆవిడకు కన్నబిడ్డలంత ముద్దు. మాట్లాడబోయేవాళ్లు తమ ప్రోగ్రాంను ముందే సంఘం పేజీలో పెట్టాలి, కావలసినవాళ్లు దించుకుంటారు. ఆవిడా పెట్టేసింది.

ప్రోగ్రాం గురించి బెంగ లేదు. బెంగంతా మాటల గురించే. ఒకరిని పట్టుకుని 'ఇది, అది' అన్నావని నిలదీసిన మనిషి, తను నిలబడి 'ఇది, అది' అంటే? పైగా తన సరుకంతా బొమ్మలే. దానికి తోడు టెలిఫోనాయన కర్ర చప్పుడు. ఆ టకటక ఆవిడ చెవిలోంచి పోవడం లేదు. మంచికి పోతే చెడు ఎదురైందా, లేక తనే చెడు చేసి దానికి మంచి అని పేరు పెట్టుకుందా?

చక్రం కింద పాట తెగింది. ఆవిడ గమనించేసరికి ఆలస్యమైంది. బల్ల అంచున పెట్టి నొక్కితే పలక గీతను వదిలేసి మెరుపుతీగలా అడ్డదిడ్డంగా పగిలింది.

దుకాణంలో అద్దాలు బిగించే పని ఆవిడ భర్తదే. నిచ్చెన భుజాన వేసుకుని బయటికి పోతున్నవాడల్లా ఆగి చూశాడు.

"పోన్లే. ఆ ముక్కకు సరిపోయే కిటికీ ఎవరింట్లోనైనా ఉంటుంది. మెరుపులాంటి కిటికీ."

"నవ్వకు. నాకు చేతులు వణుకుతున్నాయి."

"చేతులెందుకు వణుకుతాయి? మాట్లాడేది నోటితో కదా."

*

ఆ సాయంత్రం ఇంట్లో రిహార్సలు పెట్టింది. భర్తను కుర్చీలో కూర్చోబెట్టి కళ్లకు తువ్వాలు కట్టింది. అత్తగారు గుమ్మం దగ్గర చిక్కుడుకాయల పీచు తీస్తోంది.

"ఒక పలక ఉందనుకో. తలుపంత ఉంటుంది, పడుకోబెట్టి ఉంది. పొడుగు వైపు నీకు ఎదురుగా ఉంది. ఎడమ చివర నుంచి జానెడు వదిలి, పై అంచు నుంచి కింది అంచుకు ఒక గీత గీశాను. ఇప్పుడు ఎన్ని ముక్కలు?"

"రెండు."

"పెద్దది ఏ వైపు?"

"కుడివైపు. బాగుంది, అర్థమవుతోంది. కానివ్వు."

"ఆ పెద్ద ముక్కను అడ్డంగా నడిమికి గీశాను. పైభాగంలో స్నానాల గది కిటికీ వస్తుంది, కిందిభాగంలో..."

చెబుతూ పోయింది. స్నానాల గది దాటింది, వంటిల్లు దాటింది, మేడ మీది గదుల్లోకి వచ్చేసరికి తువ్వాలు కిందనుంచి గురక వినిపించింది.

"చూపు లేనివాడికి అర్థమయ్యేట్టు చెప్పమంటే నిద్ర లేనివాడికి పనికొచ్చేట్టు చెప్పావే అమ్మాయీ," అంది అత్తగారు.

"మీరూ అలాగే అనండత్తయ్యా."

"నేనేమన్నాను? నోరు నీదే, తెరిచిందీ నువ్వే. అయినా దానికింత భయమెందుకు? మా అన్నయ్య ఒకసారి సభలో లేచాడు. నోరు తెరిచాడో లేదో దోమ దూరింది. ఇక దగ్గు పట్టుకుంది చూడు, గంటసేపు వదల్లేదు. ఆయన దగ్గుతూనే చేతులు తిప్పాడు, బల్ల గుద్దాడు, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. జనం కూడా ఏడ్చారు. ఆ తరవాత ఎక్కడ సభ జరిగినా మా అన్నయ్యనే పిలిచేవారు. దోమను మాత్రం ఎవరూ పిలవలేదు."

అద్దాలమ్మకు నవ్వొచ్చింది కానీ సగంలోనే ఆగిపోయింది. "ప్రసంగం చెడిపోతే చెడిపోనీ అత్తయ్యా. ఆయన రాకపోతేనో? నా మూలంగా ఆయన ఇక ఎప్పటికీ రాకపోతేనో?"

అత్తగారు కాయ పీచు లాగి, బుట్టలో వేసి, తలెత్తింది.

"అడిగావా ఆయన్ని?"

"లేదు."

"అప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగలేదు," అంది ముసలామె. మళ్లీ కాయల మీదికి వంగింది.

*

పెద్దాఫీసు నంబరు తిప్పడానికి బుధవారం మధ్యాహ్నం దాకా ధైర్యం చాలలేదు.

"నమస్కారం. ఎవరికి కలపమంటారండీ?" అదే గొంతు. నెల నెలా పక్కనే వినే గొంతే, అయినా ఫోన్లో ఇస్త్రీ చేసినట్టుంది.

"మీకేనండీ."

"నాకా? నాకెవరూ చేయరే." కాస్త ఆగాడు. "ఆ. అద్దాలమ్మగారు."

"గుర్తుపట్టారా?"

"గొంతులు గుర్తుపట్టకపోతే నాకు జీతం ఇవ్వరమ్మా. ఒక్క నిమిషం, ఇంకో ఫోన్ వస్తోంది." ఆవిడ చెవిలో సంగీతం మొదలైంది. తనను ఎదురుచూడమని పెట్టిన ఆ సంగీతం ఆవిడకు జన్మలో విన్నవాటన్నిటిలోకీ పొడుగైనదిగా తోచింది. బల్ల మీద గాజురజనులో వేలితో గీతలు గీయబోయి, తెగుతుందని గుర్తొచ్చి చెయ్యి లాక్కుంది.

"ఆ, చెప్పండి."

"పోయిన నెల నేను అలా అనకుండా ఉండాల్సిందండీ."

"అన్నది నిజమే కదా."

"నిజమే. కానీ మీరు బాధపడ్డారు."

అవతల ఎక్కడో టైపు చేస్తున్న చప్పుడు.

"నేనక్కడికి ఎన్నేళ్లుగా వస్తున్నానో మీకు తెలుసు. నాకు అర్థం కావడం లేదని నాకు తెలీదా? తెలుసు. ఎప్పుడు చెప్పాలో, ఎలా చెప్పాలో, చెప్పాలో వద్దో నేను చూసుకుంటున్నాను. ఆ నిజం నాదమ్మా. మీరు అడక్కుండా తీసి వాడేశారు. మన సంఘంలో ఎవరి ప్రోగ్రాం తీసుకున్నా వాళ్ల పేరు చెప్పి వాడుకుంటాం. నన్ను మాత్రం 'ఈయన' అన్నారు. అందరూ తిరిగి చూశారు. చూపు తగలడం తెలుస్తుంది నాకు, మీరు నమ్మినా నమ్మకపోయినా."

తయారు చేసి పెట్టుకున్న సమాధానాలన్నీ పక్కన పెట్టి ఆవిడ ఒక్కటే అడిగింది.

"శనివారం వస్తారా?"

"వస్తున్నానండీ, వస్తున్నాను," అన్నాడాయన. ఆవిడ గుండె ఎగిరింది. మరుక్షణమే అర్థమైంది, అన్నది తనతో కాదు, పక్కనెవరో పిలుస్తున్నారు. "ఉంటానమ్మా. లైను ఆపకూడదు."

ఫోన్ పెట్టేశాడు.

*

శనివారం మేడగది నిండింది. వానగా ఉంటే జనం రారని పొద్దున్నించీ ఆకాశం వైపు ఆశగా చూసింది అద్దాలమ్మ. ఒక్క చినుకు కూడా రాలలేదు. తాళాలాయన తెర కట్టి, తీగలు తగిలించి, ఆవిడ కంప్యూటరును బల్ల మీద తిన్నగా పెట్టాడు. "ఏమీ కాదు. మొదటి వాక్యం దాటితే మిగతావి వాటంతటవే దొర్లుతాయి," అన్నాడు. తను మొదటిసారి మాట్లాడినప్పుడు మొదటి వాక్యమే ఏడుసార్లు చెప్పానని మాత్రం అనలేదు.

చివరి వరసలో గోడవార కుర్చీ ఖాళీగా ఉంది.

ఆవిడ మొదలుపెట్టింది. "తలుపంత గాజు పలక ఒకటి పడుకోబెట్టి ఉందనుకోండి." గొంతు తనది కాదేమో అనిపించింది. తెర మీద బొమ్మ ఉంది. ఆవిడ దాని వైపు చూడలేదు, చూస్తే వేలు దానంతటదే లేస్తుందని భయం. రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది. గీత అంచు నుంచి అంచుకు ఎందుకు పోవాలో చెబుతుండగా మెట్ల మీద వినిపించింది. టక్, టక్, టక్.

తలుపు తెరుచుకుంది. టెలిఫోనాయన గోడ తడుముకోకుండా నేరుగా తన కుర్చీ దగ్గరికి వెళ్లి కూర్చుని కర్ర మడిచాడు.

అద్దాలమ్మకు మాట తప్పిపోయింది. ఏ గీత దాకా వచ్చిందో గుర్తు రాలేదు. గదిలో ఎవరో గొంతు సవరించారు. మధ్యలో ఆగితే పలక పగులుతుంది అనుకుంది, మళ్లీ మొదటి అంచు నుంచి మొదలుపెట్టింది. ఎడమ, కుడి, జానెడు, మూరెడు. తాళాలాయన కళ్లు మూసుకుని విన్నాడు. ఆయన్ని చూసి పక్కాయనా మూసుకున్నాడు. కాసేపటికి సగం గది కళ్లు మూసుకుంది. అందులో వినేవాళ్లెందరో నిద్రపోయేవాళ్లెందరో ఆవిడకు తెలియలేదు. చివరికి ఆఖరి ముక్క విరిగి, ఆఖరి మాట అయిపోయింది. 'ఇది' అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. చప్పట్లు కొట్టారు.

"మరి, తప్పులేమైనా?" అని తాళాలాయన అలవాటు ప్రకారం అడిగాడు.

పెన్ను మూతలన్నీ పళ్ల మధ్యకు చేరాయి.

"ఒకటుంది," అంది చివరి వరస.

టెలిఫోనాయన లేవలేదు. తల కొంచెం పక్కకు వంచి మాట్లాడాడు. "చెప్పడం బాగుంది. పలక కళ్లకు కట్టింది, నేనంటున్నాను కాబట్టి నమ్మాలి మీరు." కొందరు నవ్వాలా వద్దా అని ఆగారు. "ఈవిడ ప్రోగ్రాం గురువారం దించుకున్నాను. నా కంప్యూటర్లో తెర మీద ఉన్నది చదివి వినిపించే ప్రోగ్రాం ఉంటుంది కదా. ఈవిడ ప్రోగ్రాం తెరిస్తే అది 'పేరు లేని బటన్' అంది. పక్కకెళ్తే 'పేరు లేని బటన్'. కిందికెళ్తే 'పేరు లేని బటన్'. సరే, ఏదో ఒకటి నొక్కుదామని నొక్కాను. 'మొత్తం చెరిపేయబడింది' అంది."

గదంతా ఒక్కసారి నవ్వింది. ఈసారి ముందు నవ్వినవాడు ఆయనే.

అద్దాలమ్మ నవ్వలేదు. చీపురు బొమ్మ. ఎంత ముద్దుగా గీసింది. "బొమ్మలు పెట్టాను కదా..." అని నోటి దాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. అవతలివాణ్ణి 'ఇది, అది' అన్నావని నిలదీసి, తను ఆ 'ఇది, అది' కూడా అనని ప్రోగ్రాం చేసింది. ముఖం మండిపోయింది.

"బొమ్మల వెనక మాటలు పెట్టలేదండీ," అంది. "తప్పే. ఒప్పుకున్నాను."

ఇక బల్లలు మోగాలి.

మోగలేదు.

జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తాళాలాయన చెయ్యి బల్ల మీద ఉంది, కానీ లేవడం లేదు. పాపం, ఆయన చేత ప్రసంగమా? తెర ముందు నిలబెడతామా? ఆ మాట ఎవరూ పైకి అనలేదు, అందరి ముఖాల మీదా ఉంది. "మంచి సలహా, చాలా మంచి సలహా," అన్నాడు తాళాలాయన తొందరగా. "రాసుకుందాం. ఇక పై నెల సంగతి, మరి ఎవరైనా ముందుకొస్తే..."

అద్దాలమ్మ చివరి వరస వైపు చూసింది. టెలిఫోనాయన ఇంకా తల వంచే ఉన్నాడు. చెవి గది వైపు తిప్పి వింటున్నాడు. కర్ర మీద బొటనవేలు కదలకుండా ఆగింది. ఆయన దేనికోసం చెవి ఒగ్గి కూర్చున్నాడో గదిలో ఇంకెవరికీ తెలిసినట్టు లేదు. క్షణం గడిచింది. ఆ వేలు మెల్లగా కర్ర మడత మీద నొక్కుకోవడం మొదలుపెట్టింది.

అడగాలా? అడిగే వ్యవధి లేదు. పైగా ఇది జాలి కాదు, ఆచారం. ఆచారం అడిగి చేసేది కాదు.

అద్దాలమ్మ వెనక్కి కట్టుకున్న చేతులు విప్పి బల్ల మీద చరిచింది.

ఒక్కతే. ఆ చప్పుడు గోడల మీది ఆగు గుర్తులకు తగిలి వెనక్కి వచ్చింది. ఆవిడ మళ్లీ చరిచింది. తాళాలాయన ఆవిడ వైపు చూశాడు, వెనక్కి తిరిగి టెలిఫోనాయన వైపు చూశాడు. ఆయనకూ ఏదో తెలిసినట్టుంది, చరిచాడు. తరవాత గది గదంతా చరిచింది. కింద డ్రైవింగ్ స్కూల్లో పిడుగు పడిందనుకుని బండ్లన్నీ ఆపేశారని తరవాత కొందరు చెప్పుకున్నారు.

టెలిఫోనాయన ముఖం మొదట వెలిగింది. ఆ వెంటనే పాలిపోయింది.

"నేనా?" అన్నాడు.

"ఇంకెవరండీ," అంది అద్దాలమ్మ. "తప్పు పట్టింది మీరు."

ఆ రోజు ఆయన టీ తాగాడు. కప్పు సాసరు మీద ఒకటే గలగలలాడింది.

*

సోమవారం. అద్దాలమ్మ బల్ల పక్కన కంప్యూటరు పెట్టుకుని బొమ్మల వెనక మాటలు పెడుతోంది. పలక బొమ్మకు 'కొత్త పలక'. చక్రం బొమ్మకు 'గీత గీయి'. చీపురు బొమ్మ దగ్గర చాలాసేపు ఆగి, 'మొత్తం చెరిపెయ్యి, జాగ్రత్త' అని పెట్టింది.

దుకాణం ఫోన్ మోగింది. భర్త తీసి, విని, ఆవిడ చేతికిచ్చాడు. "నీకేనట. గొంతు వణుకుతోంది, ఎవరో గాజు పగలగొట్టుకున్నట్టున్నారు."

"అద్దాలమ్మగారికి ఫోనండీ," అంది అవతలి గొంతు.

"ఎవరి దగ్గర్నుంచి?"

"నా దగ్గర్నుంచే. నెల అంటే ఇంత చిన్నదని నాకు ఇదివరకు తెలీదమ్మా. రాత్రి కలలో కూడా అందరికీ తప్పు నంబర్లు కలిపాను."

"చేతులు వణుకుతున్నాయా?"

"వణకడం ఎప్పుడో దాటిపోయింది."

ఆయన వెనక ఇంకో ఫోన్ మోగడం మొదలైంది. ఆవిడ ఆగింది. అది మోగుతూనే ఉంది.

"మీకు ఫోన్ వస్తోందండీ."

"మోగనివ్వండి," అన్నాడు టెలిఫోనాయన. "మొదటి వాక్యం ఎలా మొదలుపెట్టాలో చెప్పండి."